కళ్ళు మూసి నడిపే ఆట

మాసి నెల 11, మంగళవారం

నిన్నటి ఉదయాన్ని వరసగా రాసుకోవాలి. అందులో ఎక్కడైనా తేడా కనిపిస్తుందేమో చూడాలి.

చీకటితోనే లేచాను. స్నానం చేసి, విభూతి పెట్టుకుని జపానికి కూర్చున్నాను. లేచేసరికి వంటింట్లో కాఫీ వాసన. నా చెల్లెలు వడివు గ్లాసు అంచు మీదనుంచి చూపుడువేలు లోపలికి వంచి పాలు పోస్తోంది.

“వేలు ముంచి పోయకే. ఎన్నిసార్లు చెప్పాలి?” అన్నాను.

“నా వేలు తగలకపోతే నీకు కాఫీ దిగదక్కా” అంది.

తమ్ముడు శంకరలింగం ముందుగది కూడం నిండా పేపరు పరుచుకున్నాడు. “చిన్నక్కా, ఈ బొమ్మ చూడు, అచ్చం మన మామయ్యలా లేడూ?” అన్నాడు. “నీ బొమ్మలు నువ్వే చూసుకోరా, నాకు బోలెడు పనుంది” అంది వడివు. మరదలు ఉలగు పోస్టాఫీసుకు ఆలస్యమైపోతోందని గొణుగుతూ కూతురు తేన్మొళికి జడలు వేస్తోంది. రిబ్బన్లు వడివు చేతిలో ఉన్నాయి.

“ఎర్రది ఇవ్వండి వదినా.”

వడివు ఒకటి అందించింది.

“అమ్మా, ఇది నీలం! అత్త ఆటపట్టిస్తోంది” అంది తేను. అందరం నవ్వాం. వడివు కూడా నవ్వింది.

ఇడియాప్పం, కొబ్బరిపాలు. తేను సగం వదిలేసింది. వెళ్ళేముందు గడప అవతల వడివు చెప్పులు జత కలిపి, ముందుకు తిప్పి పెట్టింది. ఏడేళ్ళ పిల్లకు ఎంత బుద్ధి అనుకున్నాను.

వడివు దాన్ని బడిలో దింపి, పక్కనే ఉన్న అమ్మవారి గుడిలో పగలంతా ఉండి, సాయంత్రం పిల్లతోనే వస్తుంది. కిందటేడు నుంచి ఇదే అలవాటు. ఇన్నేళ్ళ నా జపం చెల్లెలికి ఇప్పటికి అంటిందని నాకు సంతోషం.

అరుగు మీద నిలబడి చూశాను. తేను రోడ్డు వైపు నడుస్తోంది. వడివు గోడ వైపు. పిల్లను లోపలి వైపు నడిపించవే అని అందామనుకున్నాను. పూజకు పూలు కోయాలని లోపలికి వచ్చేశాను.

కోసిన పూలు బుట్టలోనే ఉన్నాయి, బస్సురోడ్డు మలుపులో పూలమ్మే ఇసక్కియమ్మాళ్ పరుగెత్తుకొచ్చింది.

“పెద్దమ్మా! మీ పిల్లను బండి గుద్దింది!”

ప్రాణానికి భయం లేదు. ఎడమచెయ్యి ముంజేతి దగ్గర విరిగింది. కట్టు వేశారు. వడివుకు గీత కూడా పడలేదు.

వరసగా రాశాను. తేడా ఏమీ కనిపించలేదు.

అదే రోజు, సాయంత్రం

శంకరలింగం వడివును అడిగాడు. “ఏ బండి చిన్నక్కా? నెంబరు చూశావా?”

“చూడలేదు తమ్ముడూ.”

“రంగైనా?”

“పచ్చ.”

“పసుపు” అంది తేను.

భయంలో రంగులేం గుర్తుంటాయి.

ఇసక్కియమ్మాళ్ పూలు ఇవ్వడానికి వచ్చినప్పుడు ఇంకో మాట చెప్పింది. “బండివాణ్ణి నాలుగు దులిపాను పెద్దమ్మా. కానీ ఉన్నమాట చెప్పాలి. మీ పిల్లే చెయ్యెత్తి బండ్లను ఆపుతోంది. ఆవిడ పక్కన కొయ్యబొమ్మలా నిలబడిపోయింది.”

ఎదురుగా బండి వస్తే ఎవరైనా అలాగే నిలబడిపోతారు.

ఇంటికి దిష్టి తగిలిందని ఉలగు అంది. నాకూ అదే అనిపించింది. తేనును పీట మీద కూర్చోబెట్టాం. వడివు ఉప్పూ మిరపకాయలూ గుప్పిట పట్టుకుని దిష్టి తీసింది. గుప్పిట పిల్లకు జానెడు పక్కన, గోడ ముందు తిరుగుతోంది. తేను పీట మీద జరిగి, తలను ఆ గుప్పిట కిందికి తెచ్చుకుంది.

“కుదురుగా కూర్చోవే. దిష్టి గోడకు తీస్తారా?” అంది ఉలగు.

మిరపకాయలు నిప్పుల్లో వేస్తే ఘాటు రాలేదు. పెద్ద దిష్టే.

మాసి 12, బుధవారం

తేను బడికి పోలేదు. ఊరికే కూర్చోదు. అటక మీదనుంచి అమ్మనాటి వామనగుంటల పలక దించాను. చింతగింజలు కడిగి ఆరబెట్టాను.

వడివును ఎవరూ గెలవలేకపోయారు. చిన్నప్పుడు ఇంతగా ఆడేది కాదు. తన వంతు రాగానే గుంటలన్నీ ఒకసారి వేళ్ళతో నిమిరి వస్తుంది. ఏ గుంటలో నాలుగు గింజలు చేరి ఆవు అయినా ముందు తనకే తెలుస్తుంది. “ఆవు!” అని అరిచి ఎత్తేస్తుంది.

సాయంత్రం ఉలగు కూడా కూర్చుంది. “ఏం వదినా, గింజల్ని జోకొడుతున్నారా? తడిమి తడిమి దొంగలెక్క వేస్తున్నారు!”

“ఓడిపోయేవాళ్ళకు నోరెక్కువ” అంది వడివు.

“చిన్నత్త వేళ్ళతో చూస్తుందమ్మా” అంది తేను.

ఉలగు నవ్వింది. పిల్ల తెలివైన మాట అందని నాకు మెచ్చి చెప్పింది కూడా.

మాసి 14, శుక్రవారం

ఇత్తడి పాచికలు తీశాం. తాయం, అంటే ఒకటి, పడితే గానీ కాయ గడి ఎక్కదు. వడివు పాచికలు దొర్లించి, వెంటనే అరచేయి కప్పి, బొటనవేలితో చుక్కలు తడిమి చెబుతోంది. చుక్కలు గుంటలుగా పొడిచిన పాచికలు అవి. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. కాయలు మాత్రం తేను జరుపుతోంది.

“నీ కాయ నువ్వు జరుపుకోవే” అన్నాను.

“నడుం వంగడం లేదక్కా.”

ఆ తర్వాత తేను వైకుంఠపాళి పటం తెచ్చింది. వడివు లేచిపోయింది. “ఆ పాములు నాకొద్దు తల్లీ, అసలే మొన్న మింగబోయింది ఒకటి” అంది. బండి సంగతి అన్నమాట. ఇంకా తేరుకోలేదు పాపం.

వడివుకు నడుం నొప్పి ఎప్పటినుంచో ఉంది. నిచ్చెన ఎక్కలేనంటుంది. సూదిలో దారం నన్నే ఎక్కించమంటుంది. యాభై దాటింది. ఎవరికైనా వచ్చేవే.

మాసి 15, శనివారం

నూతి గట్టు బాగుచేయడానికి పెరట్లో ఇసుక పోయించాడు శంకరలింగం. ఈరోజు జపంలో మనసు నిలవలేదు. ఎందుకో తెలియదు.

మాసి 16, ఆదివారం

తుండు కళ్ళ మీదే ఉంది.

అదే రోజు, మధ్యాహ్నం

రాయాలి. పొద్దున ఒక్క వాక్యం దగ్గరే కలం పెట్టేశాను.

శంకరలింగం, ఉలగు కల్లిడైకురిచ్చిలో పెళ్ళికి వెళ్ళారు. ఇంట్లో మేము ముగ్గురమే. ఇసుక చూడగానే తేను తాంబాళం ఆడదామంది. మేమందరం ఆడి పెరిగిన ఆటే. ఇసుకను పొడుగ్గా కట్టలా పోసి, ఒకరు అందులో పుల్ల దాస్తారు. రెండోవాళ్ళు అది ఎక్కడుందో ఊహించి, రెండు చేతులూ కలిపి అక్కడ మూయాలి. తప్పితే ఓడినట్టు. ఓడినవాళ్ళ దోసిట్లో ఇసుక పోసి, పుల్ల గుచ్చి, గెలిచినవాళ్ళు వాళ్ళ కళ్ళు మూసి తిప్పితిప్పి తీసుకెళ్ళి, ఎక్కడో ఇసుక దింపిస్తారు. తీసుకెళ్ళినవాళ్ళే మళ్ళీ బయలుదేరిన చోటికి తీసుకురావాలి. తెచ్చి “తెరువు” అనాలి. అప్పుడు వాళ్ళు వెళ్ళి ఆ ఇసుకను వెతుక్కోవాలి. తీసుకెళ్ళి మధ్యలో వదిలేస్తే ఆట తప్పు.

తేను పుల్ల దాచింది. వడివు ఓడింది. కట్టు చేత్తో అత్త కళ్ళు ఎలా మూస్తుంది?

“మూయక్కర్లేదు పెద్దత్తా. చిన్నత్త దొంగచూపు చూడదు” అంది తేను.

“ఆటంటే ఆటే” అన్నాను. నా భుజం మీది తుండు తీసి వడివు కళ్ళకు కట్టాను.

బయలుదేరారు. నూతి చుట్టూ, జామచెట్టు కింద, పశువుల కొట్టంలోనుంచి, మళ్ళీ వెనక్కి. నేను మెట్టు మీద కూర్చుని చూస్తున్నాను. దోసిట్లో ఇసుకతో వడివు ఎక్కడా తడబడలేదు. తేను మోచేతిని పట్టుకుంది. ఒక్క మాట లేదు. మెట్టు వస్తే చిన్నగా నొక్కుతుంది, వడివు కాలెత్తుతుంది. కాసేపు చూసి ముచ్చటపడ్డాను.

బట్టలుతికే రాయి వెనక ఇసుక దింపించి, తిప్పి తీసుకొచ్చింది. ఒంటి చేత్తో ముడి విప్పలేక, తుండును నుదుటి మీదికి నెట్టింది. “నెట్టేశా. తెరువు!” అని ఇసుక చదును చేయడానికి అటు తిరిగింది.

తుండు జారి మళ్ళీ కళ్ళ మీదికి వచ్చింది. వడివుకు తెలియలేదు.

“అబ్బ, ఎండ ఎలా మండిపోతోందో!” అంది. కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంది, తుండు మీద. నడిచింది. నూతిని దాటి, రాయి వెనక్కి వెళ్ళి, వంగి, నేలంతా తడిమి పుల్ల తీసింది. పైకెత్తి మా వైపు చూపించి నవ్వింది. మేమున్నది ఆ వైపు కాదు.

పేరు పెట్టి పిలవాలన్నా పేరు గుర్తు రాలేదు.

తేను నన్ను చూసింది. మెల్లగా వచ్చి నా నోటి మీద చెయ్యి పెట్టింది.

“చెప్పకు పెద్దత్తా. చెబితే ఆట పాడైపోతుంది.”

“ఏ ఆట?”

“పెద్ద తాంబాళం. బడికి ఆడుకుంటూ వెళతాంగా. నేనే ఎప్పుడూ గెలుస్తాను.”

మాసి 17, సోమవారం

రాత్రి నిద్ర లేదు. పూజ దగ్గర కూర్చున్నాను. ఏ నామమూ రాలేదు.

తేనును డాక్టరు దగ్గరికి తీసుకుని శంకరలింగం, పోస్టాఫీసుకు ఉలగు వెళ్ళాక వడివును వంటింట్లో కూర్చోబెట్టాను. రెండు వేళ్ళు దాని ముఖం ముందు పెట్టాను. “ఎన్ని?”

“ఎందుకక్కా ఈ పరీక్షలు” అంది. నేను వేళ్ళు దించలేదు.

“మొదట పక్కలు పోయాయి. గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉండేది. తర్వాత ఆ గొట్టం కూడా మూసుకుపోయింది. ఇప్పుడు పగలో రాత్రో తెలుస్తుంది. అంతే.”

“ఎప్పటినుంచి?”

“తేనుకు ముందుపన్ను ఊడింది చూశానక్కా. కొత్త పన్ను చూడలేదు.”

ఆ పన్ను వచ్చి ఏడాది దాటింది.

“పగలంతా గుడిలో ఏం చేస్తావు?”

“స్తంభానికి ఆనుకుని కూర్చుంటాను. బడి గంట కోసం.”

భక్తి అనుకున్నాను. ఊళ్ళో నలుగురికి చెప్పుకున్నాను కూడా.

“డాక్టరుకు చూపించుకోవాలని తోచలేదా? నాకైనా చెప్పకూడదా?”

“చెబితే ఇంట్లో కూర్చోమంటారు. ఆయన పోయి ఇక్కడికి వచ్చిన రోజున తమ్ముడు పిల్లను తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. ‘ఇక నీకు ఇదే పని చిన్నక్కా’ అన్నాడు. ఆ పని పోతే, నేనే మీకొక పనినవుతాను.”

“బండి కింద పిల్ల పడి ఉంటే?”

వడివు చీర కొంగు వేళ్ళకు చుట్టుకుంది.

“ఆ రోజు అది ‘ఆగు’ అని నొక్కింది. నేను ఆగాను. అది ఆగలేదు, బండిని ఆపుదామని ముందుకు పోయింది. దాని చెయ్యి నా చేతిలోంచి జారింది. అరుపు వినిపించింది. ఏ వైపో తెలియలేదక్కా. నాకు ఏ వైపో తెలియలేదు.”

మంచినీళ్ళు ఇచ్చాను. గ్లాసు చేతిలో పెట్టి వేళ్ళు మూశాను. ఇన్నాళ్ళూ గ్లాసులో వేలు పెడుతోందని కసిరాను.

రేపటినుంచి తేను బడికి పోవచ్చని డాక్టరు చెప్పాడు. నేను దింపుతానన్నాను. వడివు సరేనంది. సాయంత్రం అందరూ ఇంట్లో ఉండగా చెబుదామనుకున్నాను. శంకరలింగం తలనొప్పి అని పడుకున్నాడు. రేపు చెబుతాను. ఒక్క రోజులో ఏమవుతుంది.

మాసి 18, మంగళవారం, ఉదయం

జపం ముగించి కళ్ళు తెరిచేసరికి ఇంట్లో వడివూ తేనూ లేరు.

గడప అవతల రెండు జతల చెప్పులూ లేవు.

కాళ్ళకు ఏమీ లేకుండా వీధిలో పరుగెత్తాను. పరుగెత్తి ఎన్నేళ్ళయిందో. బస్సురోడ్డు మలుపుకు వచ్చేసరికి వాళ్ళు రోడ్డు మధ్యలో ఉన్నారు. తేను ముందు, వడివు వెనక. కట్టు చెయ్యి మెడలో వేలాడుతోంది. మంచి చెయ్యి అత్త చేతిలో ఉంది. పాపనాశం బస్సు వస్తోంది.

పిలవలేదు. పిలిస్తే పిల్ల వెనక్కి తిరుగుతుంది. పళ్ళు బిగించి నిలబడ్డాను.

బస్సు వేగం తగ్గించి పోయింది. వాళ్ళు అటు వైపు కాలిబాట ఎక్కారు. వడివు కాలెత్తాల్సిన చోట ఎత్తింది. ఎదురుగా వచ్చిన ఒకాయనకు నమస్కారం కూడా పెట్టింది. తేను చెప్పి ఉంటుంది.

“చూశారా పెద్దమ్మా, నేను చెప్పలా?” అంది ఇసక్కియమ్మాళ్ పూలు కడుతూనే.

బడి గేటు దగ్గర అందుకున్నాను. వడివు నా ఆయాసం విని తలదించుకుంది.

“ఈ ఒక్క రోజే అక్కా. చెప్పాపెట్టకుండా ఆపేస్తే అది ఏమనుకుంటుంది?”

తేనును లోపలికి పంపి, వడివు చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చాను. దారిలో రెండుసార్లు రాయి తగిలింది దానికి. నాకు నడిపించడం రాదు. మెట్టు వస్తుందని ముందే నొక్కడం నాకు తోచదు.

అదే రోజు, దీపాలు పెట్టాక

చెప్పాను. నేను మొదలుపెట్టాను, వడివు పూర్తి చేసింది.

శంకరలింగం నమ్మలేదు. “ఊరుకోండి పెద్దక్కా. పొద్దున నాకు పొంగలి వడ్డించింది. నా జీడిపప్పులు ఏరి మరీ వేసింది.” లేచి వెళ్ళి వడివు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. “చిన్నక్కా, నన్ను చూడు. నా మీసం తీసేశానా, ఉందా?”

వడివు చెయ్యి చాచింది. వాడు ఆ చెయ్యి పట్టుకుని తన ముఖానికి తాకనివ్వలేదు. “ఊరికే చెప్పు” అన్నాడు. అది చెప్పలేకపోయింది. వాడు అలాగే నేల మీద కూర్చుండిపోయాడు.

ఉలగు గొంతు పెంచే మనిషి కాదు. ఈరోజూ పెంచలేదు.

“నా కూతురు మీకు గుడ్డికర్రా వదినా?”

“అవును ఉలగూ. అదే చేశాను” అంది వడివు. “నన్ను ఎక్కడికైనా పంపించెయ్యండి.”

తేను గుమ్మం దగ్గర నిలబడి నా మీద కోపంగా ఉంది. సాయంత్రం బడినుంచి తెచ్చినప్పటినుంచీ అలాగే ఉంది.

“పొద్దున పెద్దత్త తప్పు ఆట ఆడింది. చిన్నత్తను తీసుకెళ్ళింది నేను. తీసుకొచ్చేది కూడా నేనే కదా. పెద్దత్త మధ్యలో పట్టుకొచ్చేసింది. చెయ్యి విరిగిన రోజు కూడా ఆటోలో తెచ్చేశారు. నేను ఇంకా ‘తెరువు’ అననేలేదు.”

ఉలగు అప్పుడు ఏడ్చింది. కూతురిని దగ్గరికి లాక్కుని, కట్టు వేసిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. వడివు ఆ ఏడుపు వినిపించే వైపు తిరిగి కూర్చుంది, దగ్గరికి పోలేదు. కాసేపటికి ఉలగే అంది, “ఇంత దూరం కూర్చున్నారేం వదినా. ఇటు రండి.” వడివు లేచింది. తేను వెళ్ళి మోచెయ్యి పట్టుకుని తెచ్చింది.

ఈ సాయంత్రం ఇంట్లో అనుకున్నవి ఇవి.

శుక్రవారం శంకరలింగం వడివును మదురైకి, కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళతాడు. ఏం చెప్పినా విని వస్తాడు. చూపు వచ్చినా రాకపోయినా వడివు ఈ ఇల్లు వదిలి ఎక్కడికీ పోదు. ఈ మాట శంకరలింగం అనలేదు, ఉలగు అంది.

తేనును బడికి దింపేది, తెచ్చేది నేను. జపం ముందుకో వెనక్కో జరుపుకుంటాను. రోడ్డు మీద పిల్ల చెయ్యి వడివు చేతిలో ఇక ఉండకూడదు. దీనికి తేను ఒప్పుకోలేదు. ఎంత నచ్చజెప్పినా తల అడ్డంగానే ఊపింది. ఆట మధ్యలో వదలకూడదంది.

చివరికి ఆదివారం, బడి లేని పూట, రోడ్డు మీద బండ్లు తక్కువగా ఉన్నప్పుడు, అందరం బడి గేటు దాకా వెళ్ళాలని తేలింది. అక్కడినుంచి తేను తన అత్తను ఒక్కసారి ఇంటికి తీసుకొస్తుంది. ఆ తర్వాత ఆట అయిపోయినట్టు. రోడ్డు వైపు తను నడుస్తానంది ఉలగు.

గడప దగ్గరికి తెచ్చాక తేను “తెరువు” అంటుంది. ఆట నియమం అది. అనవద్దని దానికి చెప్పాలి. ఎవరు చెప్పాలన్నది మాత్రం తేలలేదు.